కింద పడడానికి ఆరు మాటలు

జపనీస్‌లో కింద పడడానికి నాకు ఆరు మాటలు తెలుసు. నడుస్తూ నడుస్తూ నేల మీద పడితే కొరొబు. రాయి తట్టుకుని తూలితే త్సుమజుకు. కాలు జారితే సుబెరు. మేడ మీంచో చెట్టు మీంచో పడితే ఒచిరు. దొర్లుకుంటూ పడితే తెన్‌రకు. కొండ వాలు మీద పట్టు దొరక్క కిందికంటా జారిపోతే కత్సురకు. ఈ చివరి రెండింటికీ తేడా ఏమిటో సత్యవేడు వైపు నేను పనిచేసే ఫ్యాక్టరీకి వచ్చిన జపాన్ ఇంజనీర్లకు ఒకసారి వివరించాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో నాకు ఉప్పు కావలసి వచ్చింది. ఉప్పును వాళ్ళ భాషలో ఏమంటారో తెలియక వేలు చూపించాను.

నాకు ఈ చదువు చెప్పిన మనిషి పోయిన నెల చనిపోయారు. కబురు జపాన్ నుంచే వచ్చింది. నాతో చదువుకున్న పాకాల భాస్కర్ అక్కడ ఒక గిడ్డంగిలో పనిచేస్తున్నాడు. ఫోన్ ఎత్తగానే పలకరింపు లేకుండా, "తిరుపతి. లాడ్జి మెట్ల మీద. గుండె ఆగింది. ఒక్కరే," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడు. పేరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కబురు ఆ వరుసలో చెప్పాలని మాకు నేర్పింది ఆయనే. ముందు చోటు, తర్వాత జరిగింది, తర్వాత ఎంతమంది, పేరు అన్నిటికన్నా ఆఖర్న. పేరు ఎందుకు ఆఖర్న అని నేను మొదటి వారమే అడిగాను.

"పేరు చెప్తే ఏడుస్తారప్పా," అన్నారు. "చోటు చెప్తే వస్తారు."

ఆయన పేరు నేనూ రాయడం లేదు. మాకందరికీ ఆయన సార్. లాడ్జికి వచ్చేవాళ్ళకు సామి.

లాడ్జి రైల్వే స్టేషన్ వెనక సందులో ఉంది. సార్ ఆ కౌంటర్ వెనక ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నారు. సన్నటి పొడుగు మనిషి. తెల్ల పొట్టి చేతుల చొక్కా, పంచె, నుదుట నిండు నామం. వాళ్ళ నాయన, తాత పెద్ద గుళ్ళో దేవుడి ముందు అందరూ కలిసి పాశురాలు చెప్పే గోష్ఠిలో నిలబడినవాళ్ళు. సార్ కూడా శనివారాలు, ఏకాదశులు వాళ్ళ వీధిలోని చిన్న గుడికి వెళ్ళి గోష్ఠిలో నిలబడేవారు. కౌంటర్ దగ్గర ఆయన గొంతు ఎదుటివాడికి మాత్రమే వినిపించేంత మెత్తగా ఉండేది. గోష్ఠిలో ఆ గొంతే వీధి చివరి టీ కొట్టు దాకా వచ్చేది. రెండూ ఒకే మనిషివని నమ్మడానికి నేను ఒక ఏకాదశి నాడు పనిగట్టుకుని వెళ్ళి చూడాల్సి వచ్చింది.

జపాన్‌ను ఆయన చూడలేదు. మంచు కూడా చూడలేదు. ఎప్పుడో ఒక జపాన్ మనిషి ఆ లాడ్జిలో దిగి, వెళ్ళేటప్పుడు దిండు కింద ఒక పుస్తకం మరిచిపోయాడు. లాడ్జిలో మరిచిపోయిన వస్తువులను ఏడాది పాటు కౌంటర్ వెనక బీరువాలో ఉంచుతారు. ఎవరూ రాకపోతే దొరికినవాళ్ళు తీసుకోవచ్చు. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒక పళ్ళ సెట్టు అలాగే చేతులు మారాయి. పుస్తకాన్ని ఎవరూ కోరలేదు. సార్ తీసుకున్నారు. మద్రాసులో పాత పుస్తకాల అంగట్లో ఒక నిఘంటువు కొని, రాత్రి డ్యూటీల్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చదవడం మొదలుపెట్టారు. ప్రతి రెండు పేజీలకూ కొండ బొమ్మ ఉండడంతో అది భక్తి పుస్తకమని, వాళ్ళకూ మనలాగే ఒక కొండ, ఒక దేవుడు ఉన్నారని ఆయన చాలాకాలం అనుకున్నారట. సగానికి వచ్చాక సంగతి తెలిసింది. అది ఒక పర్వతారోహకుల సంఘం కొత్తవాళ్ళ కోసం అచ్చేసిన చేతిపుస్తకం. కొండల్లో దారి తప్పకుండా ఎలా ఉండాలి, తప్పితే ఏం చేయాలి, పడినవాణ్ణి ఎలా వెతకాలి, చలికి గడ్డకట్టిన వేళ్ళను ఎలా కాపాడాలి, ఇదంతా.

అందుకే ఆయన జపనీస్ అంతా ఆపదల జపనీస్. అది కూడా చాలా శుద్ధమైనదని తర్వాత ఆ భాష తెలిసినవాళ్ళు నాకు చెప్పారు. కానీ బాగున్నప్పుడు మాట్లాడుకునే మాటలు ఆయన దగ్గర తక్కువ. లాడ్జికి ఒకసారి జపాన్ దంపతులు వచ్చారు. సార్ లేచి నిలబడి, నమస్కారం పెట్టి, ఎంతో మర్యాదగా, "గాయపడినవారు ఎంతమంది?" అని వాళ్ళ భాషలో అడిగారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత భర్త, చాలా గంభీరంగా, తన భార్య మడమ మీద చెప్పు కరిచిందని, ఒక్కరే అని జవాబిచ్చాడు. సార్ సంతోషానికి మేర లేదు. కొబ్బరినూనె సీసా తెచ్చి ఇచ్చారు. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా చివర్న కొబ్బరినూనె దగ్గర కాస్త ఆగేవారు, ఆ భాష తనకు పనికొచ్చిన మొదటిరోజు అదేనన్నట్టు.

మాకు తరగతులు లాడ్జి మిద్దె మీద, పొద్దున ఆరింటికి. చుట్టూ తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు. జపాన్‌లో వృద్ధుల సేవకో, గిడ్డంగికో, పొలం పనికో పోవాలనుకునేవాళ్ళు మేము ఐదారుగురం. బయట పెద్ద ఇన్‌స్టిట్యూట్లకు కట్టే స్తోమత లేనివాళ్ళమే ఎక్కువ. నేను చిత్తూరులో మెకానికల్ డిప్లొమా చేసి వచ్చాను. నన్ను ఆయన "ఇంజనీరూ" అని పిలిచేవారు.

మొదటి రోజు అందరూ నేర్పే నమస్కారాలు ఆయన నేర్పలేదు. తసుకెతె నేర్పారు. కాపాడండి అని. ఒక్కొక్కరినీ నిలబెట్టి అరవమన్నారు. ఎదురు మిద్దె మీద వడియాలు పెట్టుకుంటున్న ఆవిడ మొదట్లో భయపడి కిందికి పోయేదట. మేము చేరేటప్పటికి ఆమెకు అలవాటైపోయింది. తల కూడా ఎత్తేది కాదు.

మంచు చరియలు విరిగిపడడాన్ని నదరె అంటారు. నలభై రెండు డిగ్రీల ఎండలో పెరిగినవాళ్ళకు దాన్ని ఎలా చెప్పాలో ఆయన చాలా ఆలోచించినట్టున్నారు. ఒకరోజు మమ్మల్ని దుప్పట్ల కింద వరసగా కూర్చోబెట్టి, చివరికి పోయి తాడు ముడి విప్పేశారు. పదిహేను తడి దుప్పట్లు ఒక్కసారిగా మా మీద పడ్డాయి. లోపల చీకటి, సబ్బు వాసన, ఎవరి మోచెయ్యో నా ముక్కు మీద. బయటి నుంచి మెత్తగా సార్ గొంతు. "ఇప్పుడు చెయ్యి మొహం ముందర పెట్టుకోండి. గాలికి చోటు చేసుకోండి. కంగారు పడొద్దు. ఇది నదరె." ఆ మాట మాలో ఎవరూ మరిచిపోలేదు. దుప్పట్లు మళ్ళీ ఉతికించినందుకు లాడ్జి ఓనర్ ఆయన్ను ఏమన్నదీ కూడా మాకు వినిపించింది.

జపాన్ పోవడానికి రాయాల్సిన భాషా పరీక్షలో వచ్చే మాటలన్నిటితో నేను ఒక పట్టిక వేసుకున్నాను. పండ్లు, రంగులు, వారాలు, బంధువులు. అందులో సార్ చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. పట్టిక ఆయనకు చూపించి, ఇలాగైతే పాసవ్వం అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చక్కగా గీసినావని మెచ్చుకున్నారు కూడా.

"ఇవి నువ్వు ఫోన్‌లో నేర్చుకోవచ్చు, పిల్లోళ్ళు కూడా నేర్చుకుంటాండారు," అన్నారు. "బాగున్నప్పుడు మాట రాకపోయినా నవ్వితే సరిపోతాది ఇంజనీరూ. పడినప్పుడు నవ్వితే పనికాదు."

నేను ఫోన్‌లో నేర్చుకుని పాసయ్యాను. అది వేరే సంగతి.

ఆయన అలవాట్లన్నీ ఆ పుస్తకం నుంచే వచ్చాయి. నడిచి కొండెక్కుతామనే లాడ్జి వాళ్ళను ఏ మెట్ల దారిలో పోతారు, ఎప్పటికి దిగుతారు, తోడెవరు అని అడిగి గానీ తాళం తీసుకునేవారు కాదు. కొందరు ఆయన్ను పోలీసుల మనిషి అనుకునేవాళ్ళు. మేము గుంపుగా ఎక్కడికి పోయినా ప్రతి మలుపులో ఆగి తలలు లెక్కపెట్టేవారు. మాతో టీ తాగడానికి వస్తే కొట్టువాడికి, "రోడ్డు పక్కన, నలుగురం, దెబ్బల్లేవు, నాలుగు టీ," అని చెప్పేవారు. కొట్టువాడు కూడా అదే ధోరణిలో, "నాలుగు టీ, దెబ్బల్లేవు," అని లోపలికి కేకేసేవాడు. ఆయనను జనం ఆటపట్టించేవాళ్ళు గానీ, అందులో విషం ఉండేది కాదు. ఆయనకూ తెలుసు. గోష్ఠిలో పెద్దాయన ఒకరు, "ఏం స్వామీ, ఇవాళ ఎవరైనా దొరికినారా?" అని అడిగితే, "ఇంకా లేదు స్వామీ, వెతుకుతా ఉండాము," అనేవారు.

మా బ్యాచ్‌లో రేవతి అని ఒకమ్మాయి ఉండేది. కార్వేటినగరం దగ్గర పల్లె. మామిడి తోట, కొంచెం చెరకు ఉన్న కుటుంబం. నర్సింగ్ పూర్తి చేసింది. జపాన్‌లో వృద్ధుల సేవకు ఇంటర్వ్యూ అయిపోయి వీసా కోసం ఎదురుచూస్తోంది. చేరిన రోజు వాళ్ళ నాయన వెంట వచ్చాడు. మిద్దె మీద చెప్పులు విడిచి, తువ్వాలు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఫీజు సంగతి అడుగుతాడనుకున్నాం.

"మా బిడ్డ ఎప్పుడూ ఒక్కతే యాడికీ పోలేదు సామీ," అన్నాడు. "ఆ దేశంలో ఏమన్నా అయితే ఎవరు సూసుకుంటారు?"

ఇంకెవరైనా అయితే ధైర్యం చెప్పి పంపేవాళ్ళు.

"నాకు తెలీదు నాయనా," అన్నారు సార్. "పడితే లేపమని అడగడం నేర్పిస్తాను. అంతవరకే నా చేతిలో ఉండాది."

ఆ జవాబు రేవతి నాయనకు నచ్చినట్టే ఉంది. కూతురు వైపు ఒకసారి చూసి, దిగి వెళ్ళిపోయాడు.

ఫాల్గుణ పౌర్ణమికి కొండ మీద అడవిలో ఉండే ఒక తీర్థానికి జనాన్ని వదులుతారు. మిగతా ఏడాదంతా ఆ దారి మూసి ఉంటుంది. సార్ ప్రతి ఏడూ తన పిల్లలను తీసుకుపోయేవారు. ఆ ఏడు ఆయన, నేను, భాస్కర్, రేవతి, ఇంకో ఇద్దరు. బస్సు దిగి అడవిలో పడ్డాక దారి సన్నబడింది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క పొదలతో నిండిన లోయ. మనిషి వెనక మనిషిగా నడవాలి. వేలమంది జనం. ముందు పోయే గుంపులో ఎవరో "గోవిందా" అంటే వెనక గుంపు "గోవింద" అంటుంది. అది మలుపులో కనబడని వాళ్ళకు అంది, వాళ్ళు పలుకుతారు. ఆ పలుకు కొండ చుట్టూ తిరిగి ఎక్కణ్ణుంచో మళ్ళీ మనకే వస్తుంది. రాళ్ళు ఎక్కలేక కాళ్ళు పీకుతున్నప్పుడు అదొక్కటే మనిషిని ముందుకు తోస్తుంది. మేమూ అన్నాం. సార్ గోష్ఠి గొంతుతో అన్నారు.

తీర్థంలో మునిగి తిరిగి వస్తూ, వాగు దాటాక కొంత దూరంలో ఒక బండ దగ్గర సార్ తలలు లెక్కపెట్టారు. రేవతి లేదు.

వాగు దగ్గర చెప్పు పట్టీ బిగించుకుంటూ ఆగిందని మాతో వచ్చిన ఇంకో అమ్మాయి చెప్పింది. ముందు పోయుంటుందిలే అన్నాడు భాస్కర్. ఇంత జనంలో ఎక్కడికి పోతుంది అన్నాను నేను. ఫోన్లకు సిగ్నల్ లేదు.

"ముందు పోయిందని ఎవరు చూసినారు?" అన్నారు సార్.

ఎవరూ చూడలేదు.

మిగతా ఇద్దరినీ బండ దగ్గర ఉంచి, మేము ముగ్గురం వెనక్కి తిరిగాం. జనమంతా ఎదురొస్తున్నారు. సాయంత్రం లోపల అడవి ఖాళీ చేయాలని గార్డులు వెనక నుంచి అందరినీ తోలుకొస్తున్నారు. ఆ గుంపులన్నీ దాటిపోతే దారి మూసేస్తారు. ఆ తర్వాత అక్కడ ఎలుగుబంట్లు, చిరుతలు తప్ప ఎవరూ ఉండరు. పొద్దు అప్పటికే కొండ అవతలి వైపుకు దిగుతోంది. సార్ రాతిగోడకు వీపు ఆనించి నడుస్తూ, దారి అంచున నలిగిన గడ్డి, జారిన మట్టి కోసం చూస్తున్నారు. అన్ని వేల కాళ్ళు నడిచిన దారిలో నలగని గడ్డి లేదు.

ఆయన లోయలోకి వంగి, "రేవతీ," అని గట్టిగా పిలిచారు. కేక వినగానే ఎదురొచ్చే గుంపు "గోవింద" అంది. వాళ్ళ వెనకవాళ్ళు అన్నారు. మలుపు అవతల అన్నారు. ఆ మోత తగ్గడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే. ఆ దారిలో ఏ కేకకైనా ఒకటే జవాబు. నాలుగోసారికి ఆయన దారి మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచారు.

"గోవింద అనొద్దప్పా. కాసేపు. మీకు దండం పెడతా."

జనం ఒకరి మీద ఒకరు వచ్చి ఆగిపోయారు. ముందున్నది పచ్చబట్టలు కట్టుకున్న గుంపు. వాళ్ళకు పెద్దలా ఉన్నాయన సార్ నామం వైపు చూశాడు.

"ఏమి, ఏమనొద్దు?"

"గోవింద అనొద్దు."

"నామం పెట్టుకోనుండావు. ఈ కొండ మీద నిలబడి గోవింద అనొద్దంటాండావే. నోరెట్లా వచ్చిందయ్యా నీకు?"

వెనక నుంచి ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఇంకెవరో తాగొచ్చినాడు లాగండి అన్నారు. ఒక చెయ్యి సార్ భుజం మీద పడింది. నేను, భాస్కర్ మధ్యలోకి దూరబోయాం గానీ ఆ దారిలో పక్కకు జరగడానికి చోటు లేదు. వెనకున్న ఒక అవ్వ, కర్రతో ముందువాళ్ళ కాళ్ళను తట్టుకుంటూ వచ్చింది.

"ఉండండ్రా. ఆయప్పని చెప్పనీండి."

సార్ ఊపిరి తీసుకున్నారు. భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

"ఈడికీ వాగుకీ మధ్యలో," అన్నారు. "లోయలోకి జారి పడిందనుకుంటాను. ఒక్కతే. ఆడబిడ్డ."

భుజం మీద చెయ్యి తీసేశారు. తర్వాత జరిగింది మనవాళ్ళు మాత్రమే చేయగలరు. ఒక్క నిమిషంలో దారంతా సాయానికి దిగింది. పేరేమని అడిగి, నూరుమంది ఒక్కసారిగా "రేవతీ, రేవతమ్మా" అని అరవడం మొదలుపెట్టారు. కొందరు మధ్యలో దేవుణ్ణి కూడా పిలిచారు. సంగతి తెలియని మలుపు అవతలివాళ్ళు "గోవింద" అని పలుకుతూనే ఉన్నారు. లోయ నిండా గొంతులే. సార్ చెవులు మూసుకున్నారు. ఆ పుస్తకంలో ఒక పాఠం ఉంది. పిలిచిన తర్వాత పిలిచినదానికన్నా ఎక్కువసేపు అందరూ ఊరకుండాలి, యంత్రాలు కూడా ఆపేయాలి అని. దాన్ని జపాన్‌వాళ్ళు ఇంగ్లీషు నుంచి తీసుకున్న మాటతో సైరెంటో టైము అంటారు.

"పిలిచేదానికి నా ఒక్కడి గొంతు చాలు," అన్నారు సార్, అరుపులు కొంచెం తగ్గాక. "వినేదానికి మీ అందరి చెవులూ కావాల. నేను గోవింద అంటాను. మీరెవరూ పలకొద్దు."

పేరు పెట్టి పిలవకుండా గోవింద ఎందుకని నేను అడిగాను. సగం స్పృహలో ఉన్న మనిషికి కూడా ఆ మాట వింటే నోరు తెరుచుకుంటుందని చెప్పారు.

పచ్చబట్టల పెద్దాయనకు ఇప్పుడు కోపం లేదు. బాధ ఉంది.

"అదెట్లాగ సామీ. గోవింద అంటే పలకకుండా ఎట్లుంటాము? పాపం కాదా?"

"ఆ పాపం నాకు రాసుకుంటాను. మీరు పలకొద్దు. ఈసారి పలకాల్సింది కిందుండే బిడ్డ."

పెద్దాయన వెనక్కి తిరిగి తన వాళ్ళకు చెప్పాడు. పలకొద్దంట, పలకొద్దంట అని ఆ మాట దారి వెంబడి నోటి నుంచి నోటికి పైకీ కిందికీ పోయింది. ఎవరు చెప్పినారు అంటే ఎవరో సామి అన్నారు. అది మలుపు తిరిగి పోవడం మాకు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

సార్ అంచు దగ్గరికి పోయి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, "గోవిందా," అన్నారు.

నేను ఎన్నో నిశ్శబ్దాలు విన్నాను. ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడు, పరీక్ష హాల్లో. ఇది అలాంటిది కాదు. వేలమంది నోరు తెరిచి, మాట నాలుక మీదికి వచ్చాక ఆపుకున్న నిశ్శబ్దం. అవ్వ అరచేత్తో తన నోరు తానే మూసుకుంది. ఒక చంటిపిల్ల "గో" అనబోతే తల్లి రొమ్ముకు అదుముకుంది. ఎక్కడో నీళ్ళు పారుతున్నాయి. ఏదో పిట్ట రెండుసార్లు కూసింది. ఏమీ రాలేదు.

కొంచెం ముందుకు జరిగి మళ్ళీ పిలిచారు. రాలేదు. నీడ లోయ అడుగు నుంచి పైకి ఎక్కుతోంది. వెనక గార్డులు త్వరగా నడవమని ఈలలు వేస్తున్నారు. ఎవరో పోయి వాళ్ళనూ ఆపారు. ఇంకో బండ ఎక్కి మళ్ళీ పిలిచారు. ఈసారి ఆయన గొంతు చీలింది.

జవాబు మా వెనక నుంచి వచ్చింది. మేము చూసుకుంటూ దాటి వచ్చేసిన చోటు అది. సన్నగా, చెట్ల కింద నుంచి. "గోవిందా."

ఎవరూ కదల్లేదు. సార్ తిరిగి అక్కడికి పరుగెత్తారు. పడుకుని తల కిందికి వేలాడేసి, ఆ కంగారులో ఆయనకు అలవాటైన భాషే వచ్చింది కాబోలు, కదలగలవా అని జపనీస్‌లో అడిగారు.

"ఉగొకెనై," అని కింద నుంచి వచ్చింది. కదల్లేను.

"ఏం బాస అది?" అన్నారెవరో.

"జపాన్ భాషన్నా," అన్నాడు భాస్కర్.

"కింద పడింది జపాన్ పిల్లా?"

నవ్వు రాలేదు గానీ, ఆ మాటతో దారంతా మళ్ళీ కదిలింది. గార్డులు తాడు తెచ్చారు. పచ్చబట్టల పెద్దాయన పై పంచె నడుముకు బిగించి, వద్దంటున్నా వినకుండా తన మనుషులిద్దరితో దిగాడు. రేవతి ఒక చెట్టు వేళ్ళకు ఆని పడి ఉంది. కుడి చీలమండ విరిగింది. చేతులు, మొహం గీరుకుపోయాయి. పైకి తీసుకొచ్చి, రెండు కర్రలకు పంచెలు కట్టి డోలీ చేసి పడుకోబెట్టారు. నీళ్ళు తాగాక కళ్ళు తెరిచి సార్‌ను చూసింది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నేను గోవిందా అని అరిచినప్పుడల్లా పైనుంచి పలికినారు సార్. మీ గొంతు కూడా ఇన్నా. కనపడినాను, వస్తాండారు అనుకున్నా. అందుకే ఊరకుండినా."

సార్ ముఖం నుంచి చెమట కారి నామం చెదిరి, ఎర్రటి గీత ముక్కు మీదికి దిగింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, అలాగే వంగి నిలబడిపోయారు. ఆమె మేము వెనక్కి రాకముందు, బండ దగ్గరికి నడుస్తున్నప్పటి సంగతి చెబుతోందని, అప్పుడు మేము గోవింద అని పలికింది ఆమె కేకలకేనని నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది. ఆయనకు వెంటనే అర్థమైంది.

డోలీ ఎత్తారు. నలుగురు మోస్తున్నారు. జనం రాతిగోడకు అతుక్కుని దారి ఇచ్చారు. అప్పుడు గమనించాను, ఎవరూ గోవింద అనడం లేదు. బిడ్డ దొరికింది, దారి నడుస్తోంది, అయినా ఆ కొండ మీద ఎవరి నోటా మాట లేదు. పలకొద్దని ఎవరో సామి చెప్పాడు. ఆయనే మళ్ళీ అనమనాలి. అవ్వ చేయి ఇంకా నోటి దగ్గరే ఉంది. పచ్చబట్టల పెద్దాయన సార్ ముందుకు వచ్చి, చేతులు జోడించి, ఏమీ అడగకుండా నిలబడ్డాడు.

సార్ తల ఊపారు. అనబోయారు. గొంతు లేవలేదు. గాలి మాత్రం వచ్చింది. రెండోసారి ప్రయత్నించి, చేత్తో సైగ చేశారు, అనండి అని. ఎవరూ మొదలుపెట్టలేదు.

డోలీలో నుంచి రేవతి, "ఏడుకొండలవాడా, వెంకటరమణా," అంది.

కొండ మోగింది. అంతసేపు ఆపుకున్నదంతా ఒక్కసారిగా తెగినట్టు, ముందు మలుపు, వెనక మలుపు, వాగు దాకా. భాస్కర్ ఏడుస్తూ అరిచాడు. నేనూ అరిచాను. గార్డులు అరిచారు.

సార్ పలకలేదు. దారి అంచున, రేవతి జారిపడిన చోట నిలబడి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని లోయలోకి వంగారు. ఒక గోవిందకూ ఇంకో గోవిందకూ మధ్య ఉండే ఆ చిన్న ఖాళీలో ఆయన వింటున్నారు. డోలీ మలుపు తిరగబోతుంటే నేను రమ్మని పిలిచాను. తల తిప్పకుండా, మీరు పోతా ఉండండని చెయ్యి ఊపారు. జనం ఆయన వీపును రాసుకుంటూ దాటిపోతున్నారు. ఆఖరి గుంపు దాటి, వెనకున్న గార్డు వచ్చి భుజం తట్టేదాకా ఆయన ఆ అంచు వదల్లేదు.